తాకుతెరలపై కానవచ్చు దోషములు: వాని చికిత్సలపై ఒక విమర్శ

కొంతకాలము క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనమునకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచిరి. ప్రదర్శనము ముగిసిన పిమ్మట సాంఘికశాస్త్రోపాధ్యాయుడు నన్ను తన తరగతిగదికి తీసికొనిపోయెను. పూర్వము నల్లబల్ల ఉండిన చోట ఒక పెద్ద తాకుతెర గోడకు అమర్చబడియున్నది. ఆయన దానిపై వ్రేలు జరుపగానే భారతదేశపు నదుల పటము వచ్చినది. "గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్పండి" అని ఆయన అడిగెను. కిటికీలకు ఎదుటి గోడ ప్రక్కన, రెండవ వరుసలో కూర్చున్న ఒక బాలిక లేచి, "సార్, నాకు గోదావరి కనపడటం లేదండి, వేపచెట్టు కనపడుతోంది" అన్నది. తరగతి అంతయు నవ్వినది.

నేను వెళ్ళి ఆమె ప్రక్కన కూర్చుండి చూచితిని. ఆమె పరిహాసమాడలేదు. పటములో మహారాష్ట్ర ఉండవలసిన చోట కిటికీ బయటి వేపచెట్టును, దాని వెనుకనున్న తెల్లని ఆకాశమును స్పష్టముగా కనబడుచున్నవి. ఉపాధ్యాయుడు తెర వెలుగును పూర్తిగా పెంచెను. ప్రయోజనము స్వల్పము. అంతట కిటికీలన్నియు మూయించెను. పటము కనబడినది గాని, పిల్లలకు తమ నోటుపుస్తకములు కనబడుట మానినవి. ఆ తెర వచ్చిన అట్టపెట్టె మూలనే ఉన్నది. దానిపై వ్యత్యాస నిష్పత్తి కొన్ని వేలకు ఒకటి అని ముద్రింపబడియున్నది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఇట్టి తెరలు 2023 నుండి విరివిగా అమర్చబడినవి. చేతిలోని ఫోను, బ్యాంకు వారి నగదు యంత్రము, రైలు టిక్కెట్ల యంత్రము అన్నియు తాకుతెరలే. వీనిపై కానవచ్చు దోషములకు చికిత్సలు అనేకము కలవు. ఆ చికిత్సలను వర్ణించి మెచ్చుకొను వ్యాసములకు కొదువ లేదు. వానిని పరీక్షకు పెట్టుటయే ఇక్కడి ఉద్దేశము. నా అభిప్రాయమును ముందే చెప్పెదను. ఈ చికిత్సలలో పెక్కు దోషమును నిర్మూలింపవు. కంటికి అందని చోటికి దానిని పంపివేయును. అందుచేత ఎవరి కన్ను, ఎక్కడి నుండి, ఎట్టి వెలుగులో చూచుచున్నదను ప్రశ్న లేక ఏ చికిత్సనైనను మంచిది, చెడ్డది అని చెప్పుట పొరపాటు.

మొదట సంఖ్యను విచారింతము

వ్యత్యాస నిష్పత్తి అనగా తెర చూపగల తెలుపు ప్రకాశమునకును, నలుపు ప్రకాశమునకును గల నిష్పత్తి. ఒక తెరలో తెలుపు చదరపు మీటరుకు 400 కాండెలాలు, నలుపు 0.4 కాండెలా అయినచో నిష్పత్తి 1000. ప్రకటనలలోని సంఖ్య సాధారణముగా చీకటిగదిలో కొలిచినదే. కొలిచినవారు అబద్ధమాడలేదు. కాని మన పిల్లలు చీకటిగదిలో చదువుకొనుటలేదు.

వెలుగున్న గదిలో నలుపు అనునది తెర తానై ఇచ్చు వెలుగు మాత్రమే కాదు. బయటినుండి తెరపై పడి తిరిగివచ్చు వెలుగు కూడ దానిలో చేరును. కిటికీలోనుండి కనబడు ఆకాశపు ప్రకాశము చదరపు మీటరుకు 5000 కాండెలాలు అనుకొందము. పగటి ఆకాశమునకు ఇది అసంభవమైన విలువ కాదు. తెర అందులో నూటికి 12 పాళ్ళు పరావర్తనము చేసినచో వచ్చునది 600 కాండెలాలు. ఈ 600 తెలుపునకును చేరును, నలుపునకును చేరును. ఇప్పుడు తెలుపు 1000, నలుపు 600.4. నిష్పత్తి సుమారు 1.67. వెయ్యి ఎక్కడ, ఒకటిన్నర పై చిల్లర ఎక్కడ!

ఈ లెక్కను విద్యార్థులు నాలుగు విధముల మార్చి చూడవలెను. మొదటిది, నలుపును పదిరెట్లు మెరుగుపరచి 0.04 కాండెలా చేయుదము. పెట్టెపై సంఖ్య 1000 నుండి 10,000 అగును. కిటికీ ఎదుట నిష్పత్తి మాత్రము మరల 1.67 మాత్రమే. పదిరెట్లు పెరిగిన గొప్పతనము వేపచెట్టు ముందు ఏమాత్రము పని చేయలేదు. రెండవది, తెర వెలుగును రెట్టింపు చేసి తెలుపును 800 చేయుదము. నిష్పత్తి 2.33 అగును, విద్యుత్తు ఖర్చు, వేడి కూడ పెరుగును. మూడవది, వెలుగును 400గానే ఉంచి పరావర్తనమును 12 నుండి 4 పాళ్ళకు తగ్గించుదము. నిష్పత్తి సుమారు 3 అగును. నాలుగవది, పరావర్తనమును 1 పాలునకు తగ్గించుదము. నిష్పత్తి సుమారు 9 అగును.

అందుచేత వెలుతురు గదిలోని తెరకు తెలుపును పెంచుట కంటె తిరిగివచ్చు వెలుగును తగ్గించుటయే ముఖ్యము. ఉపాధ్యాయుడు వెలుగును పెంచినను బాలికకు గోదావరి కనబడకపోవుటకు కారణము ఇదే.

గాజునకు, తెరకు మధ్య గాలి

ఈ 12 పాళ్ళు ఎక్కడనుండి వచ్చినవి? కాంతి ఒక యానకము నుండి మరియొక యానకమునకు పోవునపుడు కొంత భాగము వెనుకకు మరలును. లంబముగా పడిన కాంతికి ఆ భాగమును కనుగొను సూత్రము ఫ్రెనెల్ ఇచ్చినదే: రెండు యానకముల వక్రీభవన గుణకముల భేదమును వాని మొత్తముచే భాగించి, వచ్చినదానిని వర్గము చేయవలెను. గాలికి 1, గాజునకు 1.5. భేదము 0.5, మొత్తము 2.5, భాగఫలము 0.2, దాని వర్గము 0.04. అనగా నూటికి 4 పాళ్ళు.

తెరకు ముందు రక్షణ కొరకు ఒక గాజుపలక ఉండును. దానికిని లోపలి తెరకును మధ్య గాలిపొర ఉన్నచో కాంతిని మరల్చు తలములు మూడు: గాజు ముందు తలము, గాజు వెనుక తలము, లోపలి తెర ముఖము. లోపలి తెర ముఖమున నుండు ప్లాస్టిక్ పొర గుణకము కూడ సుమారు 1.5 గనుక, ఒక్కొక్క తలము వద్ద 4 చొప్పున ఇంచుమించు 12 పాళ్ళు వెనుకకు వచ్చును.

తరగతిగదులలోని పెద్ద తెరలలో చాలవరకు స్పర్శను గుర్తించునది గాజు కాదు. చట్రము చుట్టును అమర్చిన పరారుణ కిరణముల వల, వ్రేలు అడ్డుపడగానే ఆ చోటును కనిపెట్టును. కాబట్టి తరువాత చెప్పబోవు విద్యుత్ తీగెల దోషము వీనికి లేదు. కాని దెబ్బలకు ఓర్చుకొను మందపు గాజు తప్పదు. దాని వెనుక గాలి ఉన్నదా, జిగురు ఉన్నదా అనునదే ముఖ్యమైన ప్రశ్న.

గాలికి బదులు గాజుతో సమానమైన గుణకముగల పారదర్శకమైన జిగురు నింపుట ఒక చికిత్స. గాజు గుణకము 1.5, జిగురు గుణకము 1.47 అనుకొన్నచో ఆ హద్దువద్ద మరలు కాంతి పదివేలలో ఒక పాలు మాత్రమే. మూడు తలములలో రెండు కంటికి లేనట్లే అగును. 12 పాళ్ళు 4 అగును.

దీనిని బడిలోనే చూపవచ్చును. సూక్ష్మదర్శినికి వాడు గాజు స్లైడులు రెండు తీసికొని, ఒకదానిపై ఒకటి పెట్టి, నల్లకాగితముపై ఉంచుడు. ట్యూబులైటు ప్రతిబింబమును వానిలో చూడుడు. పిమ్మట స్లైడుల మధ్య బుడగలు లేకుండ కొబ్బరినూనె చుక్క వేసి అదుముడు. కొబ్బరినూనె గుణకము సుమారు 1.45. నూనె పరచుకొన్న మేర ప్రతిబింబము మందగించి, క్రింది నలుపు చిక్కబడుట స్పష్టముగా తెలియును. చలికాలములో నూనెను ముందుగా కరిగించుకొనవలెను. ఖర్చు ఏమియు లేని ఈ ప్రయోగము ఖరీదైన తెరకును, చౌక తెరకును గల ప్రధాన భేదమును అయిదు నిమిషములలో తెలుపును.

ఐతే ఈ చికిత్సను నిందలేనిదిగా భావింపరాదు. జిగురులో ఒక్క ధూళికణము గాని, బుడగ గాని చిక్కిన అది శాశ్వతముగ నిలిచిపోవును. జిగురు గట్టిపడునపుడు ముడుచుకొని లోపలి తెరను లాగినచో, నలుపు రంగు చూపునపుడు మబ్బువంటి మచ్చలు తేలును. పైగాజు పగిలినచో దానినొక్కదానినే మార్చుట కష్టము. తెర పెద్దదైన కొలది ఈ చిక్కులు పెరుగును. గాలిపొర ఉంచినవారందరు మూర్ఖులు కారు. వారు మరమ్మతు సౌకర్యమును ఎన్నుకొని చూపును త్యాగము చేసినవారు. కొనువానికి ఆ త్యాగము సంగతి చెప్పకపోవుటయే తప్పు.

ఇంకొక విషయము. పైన చెప్పిన 4 పాళ్ళు నేరుగా ఎదుటనుండి చూచువానికి మాత్రమే. లంబమునకు 60 డిగ్రీల కోణమునుండి చూచినచో గాజు ఒక్కొక్క తలము సుమారు 9 పాళ్ళు మరల్చును. అనగా తరగతిలో ప్రక్క బల్లలపై కూర్చున్న పిల్లలకు దోషము రెట్టింపునకు మించి కనబడును. తెరకు నేరుగా నిలిచి మెచ్చుకొను పెద్దలు ఈ సంగతి ఎన్నడును చూడరు.

న్యూటన్ వలయములు మరల వచ్చినవి

గాలిపొర ఇంకను పలుచనైనచో మరియొక దోషము పుట్టును. 1970 తరువాతి దశాబ్దములలో విరివిగా వ్యాపించిన ఒక జాతి తాకుతెరలలో రెండు వాహక పొరలు ఎదురెదురుగా ఉండును. వాని మధ్య అతి చిన్న చుక్కలవంటి ఆధారములు ఉండును. వ్రేలితో నొక్కగా పైపొర వంగి క్రిందిపొరను తాకును. ఆ చోట ప్రవాహము సాగి స్థానము తెలియును. పైపొర వంగినచోట గాలిపొర కాంతి తరంగదైర్ఘ్యముతో పోల్చదగినంత పలుచనగును. అప్పుడు గాలిపొర రెండు ముఖములనుండి మరలిన తరంగములు వ్యతికరణము చెంది, రంగురంగుల వలయములుగా కనబడును.

ఇవి మన డిగ్రీ ప్రయోగశాలలోని న్యూటన్ వలయములే. పలుచని పొరల రంగులను 1665లో రాబర్ట్ హుక్ వర్ణించెను; న్యూటన్ వానిని కొలిచి తన 1704 నాటి కాంతిశాస్త్ర గ్రంథములో విపులముగ వ్రాసెను. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి గాలిపొర మందము 275 నానోమీటర్లు మారినపుడెల్ల ఒక క్రొత్త వలయము వచ్చును. ప్రయోగశాలలో సోడియము దీపము వెలిగించి, చల సూక్ష్మదర్శినితో వలయముల వ్యాసములు కొలిచి, కటకపు వక్రతా వ్యాసార్ధమును గణించి పూర్తి మార్కులు తెచ్చుకొనిన విద్యార్థులను నేను ఎరుగుదును. నగదు యంత్రపు తెరపై వ్రేలి చుట్టును అవే వలయములు కనబడినపుడు, "తెర పాడైంది సార్" అని చెప్పినవారు కూడ వారే. తప్పు వారిది కాదు. ప్రయోగశాల తలుపు దాటి ఆ వలయములు బయటికి రావని బోధించినది మేమే.

దీనికి చికిత్స ఏమి? లోపలి తలములలో ఒకదానిని స్వల్పముగ గరుకు చేయుదురు. అపుడు గాలిపొర మందము అడుగడుగునకు మారి, వలయములు ఒక క్రమమున ఏర్పడవు. నిజమునకు వ్యతికరణము ఆగలేదు. కోట్ల సూక్ష్మ వ్యతికరణములు కలగాపులగమై కంటికి సమముగా తోచుచున్నవి, అంతే. దీని మూల్యము కూడ ఉన్నది: గరుకు తలము తెర అక్షరములను కొద్దిగా మసకపరచును.

కనబడకూడని తీగెలు

నేటి ఫోనులు వేరొక పద్ధతివి. వ్రేలు సమీపించునపుడు విద్యుద్ధారిత మారుటను బట్టి స్థానము గుర్తించును. ఈ పద్ధతి గల తెరను విమాన రాకపోకల నియంత్రణ కొరకు 1965లో ఇంగ్లండులోని మాల్వర్న్ రాడార్ పరిశోధనాలయమునందు ఇ. ఎ. జాన్సన్ ప్రతిపాదించెను. ఇందులో నిలువు, అడ్డ వరుసలుగా ఎలక్ట్రోడులు ఉండవలెను. అవి విద్యుత్తును ప్రవహింపజేయవలెను, కాని కనబడరాదు. ఇందుకు ఎక్కువగా వాడునది ఇండియం టిన్ ఆక్సైడు. దీని పొర మందము కొన్ని పదుల నానోమీటర్లు, అనగా తలవెండ్రుక మందములో వెయ్యవ వంతునకు అటునిటుగా.

ఈ ఆక్సైడు పారదర్శకమే గాని దాని గుణకము సుమారు 1.9. గాజు 1.5. కాబట్టి ఆక్సైడు ఉన్నచోట, లేనిచోట కాంతి ఒకే విధముగ మరలదు. ఫోనును ఆర్పివేసి ఆకాశపు వెలుగులో ఏటవాలుగ పట్టినచో కొన్నిటిలో వజ్రాకారపు గళ్ళు లీలగా కనబడును. ఈ గళ్ళ పరిమాణము సాధారణముగ 5 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. ఇక్కడ కంటి స్వభావమును గమనింపవలెను. 60 సెంటీమీటర్ల దూరమున ఒక డిగ్రీ కోణములో సుమారు 10 మిల్లీమీటర్లు ఇముడును. అనగా డిగ్రీకి రెండు గళ్ళు. మన కన్ను మిక్కిలి మందమైన వెలుగునీడల భేదమును కూడ పట్టుకొనగలది సరిగా డిగ్రీకి 2 నుండి 5 చారల ప్రాంతముననే. వ్రేలి పరిమాణమును బట్టి నిర్ణయించిన గళ్ళు దురదృష్టవశమున కంటికి మిక్కిలి ఇష్టమైన కొలతకు వచ్చినవి.

చికిత్సలు రెండు. మొదటిది, ఆక్సైడు క్రింద ఎక్కువ గుణకముగల నియోబియం ఆక్సైడును, తక్కువ గుణకముగల సిలికాను తగిన మందములలో పూసి, ఆక్సైడు ఉన్నచోటను లేనిచోటను మరలు కాంతిని సమానము చేయుట. ఇంత పలుచని పొరలలో తలముల పాళ్ళను కూడిన చాలదు. తరంగముల దశలను లెక్కింపవలెను. రెండవది, ఎలక్ట్రోడుల మధ్యనున్న ఖాళీలలో కూడ అదే ఆక్సైడును, విద్యుత్ సంబంధము లేని ముక్కలుగ పరచుట. అపుడు మిగులు ఖాళీ కంటికి అందని సన్నని గీత మాత్రమే.

ఈ రెండును తెరను ఎక్కువ పారదర్శకముగ చేయుట లేదు. రెండవ చికిత్స అనవసరమైన ఆక్సైడును ఇంకను కలుపుచున్నది! ఐనను మచ్చ మాయమైనది. ఏలయన అంతటను సమానముగ నున్న మచ్చను కన్ను మచ్చ అనదు. ఈ రెంటిలో నేను రెండవదానికే ఎక్కువ విలువ ఇచ్చెదను. మొదటిది ఒక కోణమునకు, కొన్ని తరంగదైర్ఘ్యములకు కుదిర్చినది. తెరను ఏటవాలుగ పట్టినచో కాంతి మార్గము మారి గళ్ళు మరల తొంగిచూచును. రెండవది కంటి శక్తి హద్దుపై ఆధారపడినది. ఆ హద్దు కోణముతో మారదు. మంచి తెరలు రెంటిని కలిపి వాడుచున్నవి.

పెద్ద తెరలకు ఆక్సైడు నిరోధము ఎక్కువగుటచే కొందరు కొన్ని మైక్రోమీటర్ల వెడల్పు గల రాగి లేక వెండి గీతలతో వల అల్లుదురు. ఒంటరిగా ఒక గీత కనబడదు. కాని తెరలోని చిత్రకణములు కూడ ఒక క్రమమైన వల. రెండు వలలు ఒకదానిపై ఒకటి పడినపుడు, రెంటిలోను లేని పెద్ద చారలు పుట్టును. దోమతెర రెండు మడతలు వెలుగునకు పట్టి ఒక మడతను జరిపినచో ఈ అలలు కదలాడుట అందరు చూచినదే. వీనిని మోరే చారలు అందురు. లెక్క సులభము: ఒక వల కన్ను 0.30 మిల్లీమీటరు, రెండవది 0.31 అయినచో, వాని లబ్ధమును భేదముచే భాగించగా 9.3 మిల్లీమీటర్లు వచ్చును. కంటికి అందని రెండు సూక్ష్మ వలలు కలిసి, వ్రేలెడు వెడల్పు చారను పుట్టించినవి.

వలను కొంత కోణమునకు త్రిప్పుట, కన్నుల క్రమమును కావలెనని చెడగొట్టుట దీనికి చికిత్సలు. త్రిప్పినచో చారలు సన్నగిలి కంటి హద్దును దాటిపోవును. కాని ఒక తెరకు కుదిరిన కోణము చిత్రకణముల అమరిక వేరైన మరియొక తెరకు కుదరదు. ఒకచోట విజయవంతమైన వలను తెచ్చి మరియొకచోట అతికించి, చారలు వచ్చినవని వాపోవుట చికిత్స లోపము కాదు, వైద్యుని లోపము.

నునుపా, గరుకా?

జిగురు నింపినను ముందు తలపు 4 పాళ్ళు మిగిలియున్నవి. వీనికి రెండు మార్గములు సూచింపబడినవి. ఒకటి, పరావర్తనమును నిజముగ తగ్గించు పూత. పాతబడి మసకబారిన గాజు క్రొత్తదాని కంటె ఎక్కువ కాంతిని పోనిచ్చునని 1886లో లార్డ్ రేలీ గమనించెను. 1938లో అమెరికాలో కాథరీన్ బ్లాడ్జెట్ గాజుపై ఏకాణు పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి ప్రతిబింబము లేని గాజును చూపెను. మెగ్నీషియము ఫ్లోరైడును 100 నానోమీటర్ల మందమున పూసినచో, మధ్య తరంగదైర్ఘ్యములకు 4 పాళ్ళు సుమారు 1.4 అగును. పెక్కు పొరల పూతతో ఇంకను తగ్గించవచ్చును. రెండవది, తలమును గరుకు చేసి ప్రతిబింబమును చెదరగొట్టుట. ఇందులో మరలు కాంతి తగ్గదు. వేపచెట్టు ఆకృతి చెదరి మంచువలె పరచుకొనును.

పుస్తకములలో మొదటిదే ఉత్తమమని చెప్పుట వాడుక. కెమెరా కటకమునకు అది నిజమే. కాని కటకమును ఎవరును తాకరు. తాకుతెరను తాకకుండ నుండరు. వ్రేలి జిడ్డు పూతపై పడినచోట వ్యతికరణపు లెక్క తప్పి, ప్రతిబింబము మరల వచ్చును. చుట్టును శుభ్రముగ నుండుటచే ఆ ముద్ర మామూలు గాజుపై కంటె ఎక్కువ కొట్టవచ్చినట్లు కనబడును. అందుకే జిడ్డు అంటని మరియొక పలుచని పొర కావలసి వచ్చినది. అది వాడుకలో అరిగిపోవును.

గరుకు తలమునకు వేరొక నింద కలదు. దానిపై నుండు సూక్ష్మమైన మిట్టలు చిన్న కటకములవలె పనిచేసి, క్రిందనున్న చిత్రకణములను ఒకచోట పెద్దవిగను, ఒకచోట చిన్నవిగను చూపును. తెల్లని తెర ఇసుక చల్లినట్లు మినుకుమినుకు మనును. ఇది చిత్రకణములు చిన్నవైన కొలది హెచ్చును. అంగుళమునకు 400 చిత్రకణములు గల ఫోనులో ఒక్కొక్కటి 0.06 మిల్లీమీటరు, అక్కడ ఈ మినుకు బాధించును. అడ్డముగ 3840 చిత్రకణములు గల 65 అంగుళముల గోడ తెరలో ఒక్కొక్కటి 0.37 మిల్లీమీటరు, అక్కడ మినుకు చాల తక్కువ. కావున చేతిలోని ఫోనునకు నునుపు తలము, తరగతి గోడకు గరుకు తలము తగినవని నా తీర్పు. ఒకే చికిత్స ఒకచోట మందు, మరియొకచోట రోగము.

లోపలి లోహపు తలములనుండి మరలు కాంతిని ఆపుటకు కొన్ని ఫోనులలో వృత్తీయ ధ్రువణ పొర వాడుదురు. లోపలికి పోయిన కాంతి లోహముపై మరలి వచ్చునప్పటికి దాని భ్రమణ దిశ తారుమారై, వచ్చిన ద్వారముననే చిక్కుకొనును. ఉపాయము చక్కనిదే. కాని తెర తానై పుట్టించు వెలుగులో సగముకంటె ఎక్కువను కూడ ఆ పొర మ్రింగివేయును. ఇచ్చట కూడ మూల్యము లేని మేలు లేదు.

విమర్శ సారాంశము

ఇన్ని చికిత్సలను పరీక్షించిన పిమ్మట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. ఇవన్నియు ఇంజనీర్లకు తెలియవా అని అడుగవచ్చును. తెలియును. వెలుగున్న గదిలో తెరలను కొలుచు పద్ధతులు కూడ కలవు. నా విమర్శ ఇంజనీరు మీద కాదు. పెట్టెపై ముద్రింపదలచినవారు పెద్దగా కనబడు సంఖ్యనే ముద్రించుచున్నారు. కొనువారు పెద్ద సంఖ్యనే కొనుచున్నారు. భౌతికశాస్త్రము బోధించు మేము ఆ సంఖ్యను ప్రశ్నించు విద్యను విద్యార్థికి ఇచ్చుటలేదు. పరావర్తనము ఒక అధ్యాయము, వ్యతికరణము ఒక అధ్యాయము, ధ్రువణము ఒక అధ్యాయము, కన్ను జీవశాస్త్రములో మరియొక అధ్యాయము. ఈ అధ్యాయములన్నియు మన అరచేతిలోని ఒక్క మిల్లీమీటరు మందములో కలిసి ఉన్నవను మాట ఎక్కడను చెప్పము.

కావున తెరను ఎన్నుకొనువారు మూడు ప్రశ్నలు అడుగవలెను. గాజునకు, తెరకు మధ్య గాలియా, జిగురా? ముందు తలము నునుపా, గరుకా? ప్రక్క బల్లనుండి, కిటికీ తెరచియుండగా చూచితిరా? మూడవ ప్రశ్నకు ఏ కొలతపరికరము అక్కరలేదు.

ఆనాడు ఆ తరగతిగదిలో మేము చేసినది ఇదే. ఉపాధ్యాయుడు ఒక చిన్న చేతి అద్దమును తెప్పించి తెరపై ఆనించి పట్టుకొనెను. నేను ఒక్కొక్క విద్యార్థి స్థానమున కూర్చుండి, అద్దములో ఏమి కనబడునో చూచితిని. పతన కోణము, పరావర్తన కోణము సమానములను ఎనిమిదవ తరగతి పాఠము తప్ప ఇందులో ఏమియు లేదు. నాలుగు కిటికీలలో తెరకు దగ్గరనున్న రెండు మాత్రమే ఆ వరుసల పిల్లలకు అడ్డువచ్చుచున్నవని తేలినది. ఆ రెంటికి మాత్రము దళసరి గుడ్డ వ్రేలాడదీసి, తక్కినవానిని తెరచియుంచిరి. గదిలో వెలుతురు మిగిలినది, నోటుపుస్తకములు కనబడినవి. తెర మారలేదు. దాని వెనుక గాలిపొర అట్లే ఉన్నది. దానిని బాగుచేయు శక్తి మాకు లేదు. దోషమును కంటికి అందని చోటికి పంపుట మాత్రము మాచేతనైనది.

ఉపాధ్యాయుడు మరల ప్రశ్న వేసెను. ఆ బాలిక ఈసారి లేచి తెర దగ్గరకు వచ్చి, నాసిక్ సమీపమున త్ర్యంబకముపై వ్రేలు పెట్టినది.